తెర మీద తప్పు చేస్తే ఫరవాలేదు

మా మధుమేహ విభాగంలో ఓ.పి. గదిని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. ఒకప్పుడు అందులో పాత కేసు షీట్లు కట్టలు కట్టి పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఒక బల్ల, ఒక కంప్యూటర్, మూడు కుర్చీలు వేశాం. మూడెందుకంటే, ఇన్సులిన్ పంపు నేర్చుకోవడానికి పేషెంటు ఒక్కరే ఎప్పుడూ రారు. అమ్మో, నాన్నో, అమ్మమ్మో వెంట వస్తారు. వాళ్ళూ నేర్చుకోవలసినవాళ్ళే.

ఆ రోజు కంప్యూటర్ ముందు ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి కూర్చుంది. తొమ్మిదో ఏట నుంచి టైప్ 1 మధుమేహం. రోజుకు నాలుగు ఇంజెక్షన్లతో నెట్టుకొస్తోంది. మేనమామ పంపు కొనిపెడతానని ముందుకొచ్చాడు. తెర మీద ఒక బాబు బొమ్మ, పక్కనే పంపు బొమ్మ. బాబు షుగర్ 190. ఎదురుగా స్టీలు కంచంలో 200 గ్రాముల అన్నం. ఎన్ని యూనిట్లు ఇస్తావని కంప్యూటర్ అడిగింది. అమ్మాయి కాగితం మీద లెక్క వేసి, 7.6 అని సరిగ్గానే నొక్కింది. గంట తర్వాత (తెర మీద అది నాలుగు సెకన్లే) చూస్తే షుగర్ 210 ఉంది. కంగారుపడి మరో ఒకటిన్నర యూనిట్లు ఇచ్చేసింది. షుగర్ గీత కిందికి జారుతూ జారుతూ 50 దగ్గరకు వచ్చింది. బొమ్మ బాబుకు చెమటలు పట్టాయి.

"ఎవరికే, ఏమైందే?" అంటూ అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది.

"కంప్యూటర్లో బాబుకి అమ్మమ్మా. నేనే ఎక్కువ ఇచ్చేశాను."

అందరం నవ్వాం. ఆ తప్పు అక్కడ జరగాలనే ఆ పాఠం అలా తయారుచేశాం. ముందు ఇచ్చిన ఇన్సులిన్ ఒంట్లో ఇంకా పనిచేస్తూనే ఉంటుందని, త్వరగా పనిచేసే రకం కూడా మూడు నుంచి ఐదు గంటలు ఉంటుందని మేం పదిసార్లు చెప్పినా ఎక్కదు. ఆ గీత జారడం ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది.

పంపు అంటే ఏమిటి?

చాలామంది పంపు అంటే ఆపరేషన్ చేసి కడుపులో పెట్టే యంత్రం అనుకుంటారు. మరికొందరు, అది పెట్టుకుంటే ఇక షుగర్ సంగతి అదే చూసుకుంటుంది అనుకుంటారు. రెండూ నిజం కాదు. మామూలుగా వాడే పంపు చిన్న సెల్‌ఫోన్ అంత ఉంటుంది. నడుముకు తగిలించుకోవచ్చు, జేబులో వేసుకోవచ్చు. లోపల ఇన్సులిన్ నింపిన చిన్న గొట్టం ఉంటుంది. అక్కడి నుంచి సన్నటి ట్యూబు వచ్చి, పొట్ట చర్మం కింద గుచ్చిన మెత్తటి సన్న గొట్టంతో కలుస్తుంది. దీన్ని రెండు మూడు రోజులకొకసారి మార్చి కొత్త చోట గుచ్చుకోవాలి. పగలూ రాత్రీ చుక్కలు చుక్కలుగా వెళ్ళే ఇన్సులిన్‌ను బేసల్ అంటారు. భోజనానికి ముందు బటన్ నొక్కి ఇచ్చేది బోలస్. బేసల్ ఎంతో డాక్టరు నిర్ణయించి పంపులో పెడతారు. కానీ ఏం తిన్నారో, ఎంత తిన్నారో పంపుకు తెలియదు. అది చెప్పవలసింది మనిషే.

ఇన్సులిన్ 1921లో కెనడాలోని టొరంటోలో దొరికింది. 1922 జనవరిలో మొదటిసారి ఒక బాలుడికి ఇచ్చారు. ఇంజెక్షన్ కాకుండా యంత్రంతో ఇవ్వాలన్న ప్రయత్నం 1960లలో లాస్ ఏంజలిస్‌లో డాక్టర్ ఆర్నాల్డ్ కేడిష్ చేశారు. ఆ యంత్రాన్ని వీపు మీద మూటలా మోయవలసి వచ్చేది! లండన్‌లోని గైస్ హాస్పిటల్ డాక్టర్లు పికప్, కీన్, వారి సహచరులు 1978లో చిన్న పంపుతో చర్మం కింద నిరంతరంగా ఇన్సులిన్ ఇచ్చిన ఫలితాలను ప్రకటించాకే ఈ పద్ధతి నిలదొక్కుకుంది.

అమెరికా, కెనడాలలో 1441 మంది టైప్ 1 పేషెంట్ల మీద 1983 నుంచి సాగిన పెద్ద పరిశోధన ఫలితాలు 1993లో వచ్చాయి. పంపుతో గానీ, రోజుకు మూడు అంతకన్నా ఎక్కువ ఇంజెక్షన్లతో గానీ షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవారిలో కంటి జబ్బు వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. మూత్రపిండాలకు, నరాలకు కూడా ఎంతో మేలు జరిగింది. అయితే అదే పరిశోధనలో, షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం వారిలో సుమారు మూడు రెట్లు పెరిగింది. చాలామంది మొదటి సంగతి చెప్పి రెండోది వదిలేస్తారు. మాకు రెండోదే ముఖ్యం. మంచి పనిముట్టు చేతికిచ్చి, వాడడం సరిగ్గా నేర్పకపోతే ఏమవుతుందో అందులోనే ఉంది.

"చెప్పారు సార్, గుర్తు రాలేదు"

కంప్యూటర్ రాకముందు మేమూ అందరిలాగే నేర్పేవాళ్ళం. డాక్టరు ఒక గంట, సిస్టర్ రెండు గంటలు చెప్పేవారు. చివర "అర్థమైందా?" అని అడిగితే "అయిందండీ" అనేవారు. తల కూడా ఊపేవారు. ఆ తల ఊపడం మా మీద గౌరవం కొద్దీ చేసేదని, అర్థమైనందుకు కాదని తెలుసుకోవడానికి మాకు చాలాకాలం పట్టింది.

మా దగ్గరే పంపు నేర్చుకున్న ఒక యువకుడు ఇంటికి వెళ్ళిన నాలుగో రాత్రి చర్మం కింద గొట్టం మడతపడింది. రెండు గంటలకు మెలకువ వచ్చి చూసుకుంటే షుగర్ 340. పంపులోంచే బోలస్ ఇచ్చాడు. తగ్గలేదు. మళ్ళీ ఇచ్చాడు, మళ్ళీ ఇచ్చాడు. ఇన్సులిన్ లోపలికే వెళ్ళడం లేదు కదా, ఎలా తగ్గుతుంది? తెల్లవారేసరికి వాంతులు, ఆయాసం. ఆటోలో తీసుకొచ్చారు. మూత్రంలో కీటోన్లు బాగా ఉన్నాయి. సెలైన్లు, ఇన్సులిన్ డ్రిప్‌తో రెండు రోజులకు కోలుకున్నాడు. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే. అది ఆగితే కొద్ది గంటల్లోనే ఒంట్లో నిల్వ అయిపోతుంది. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ తీసుకునేవారికి ఉండే ఆసరా పంపువారికి ఉండదు.

ఇదంతా మేమిచ్చిన కాగితంలో ఉంది. అతనికి నోటితోనూ చెప్పాం. అడిగితే, "చెప్పారు సార్, కానీ రాత్రి రెండు గంటలకు గుర్తు రాలేదు" అన్నాడు. తప్పు అతనిది కాదు, మాది. మేం చెప్పామే గానీ, ఒక్కసారైనా అతని చేత చేయించలేదు.

అడిగే పాఠం

కంప్యూటర్ పాఠం అంటే వీడియో అనుకోకండి. వీడియో తన దారిన తాను పోతుంది, చూసేవారు నిద్రపోయినా ఆగదు. ఇది ప్రశ్న అడిగి ఆగుతుంది. మీరు ఇచ్చిన జవాబును బట్టి దారి మారుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఇల్లినాయిస్ యూనివర్సిటీలో 1960లోనే 'ప్లేటో' అనే పద్ధతితో కంప్యూటర్ మీద పాఠాలు మొదలుపెట్టారు. మధుమేహంలో చూస్తే, బ్రిటన్‌లో తయారై 1990లలో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన 'ఎయిడా' అనే ప్రోగ్రాం ఉంది. భోజనం, ఇన్సులిన్ మారిస్తే షుగర్ గీత ఎలా మారుతుందో చూపిస్తుంది. నేర్చుకోవడానికే గానీ సొంత డోసు నిర్ణయించుకోవడానికి కాదని దాన్ని తయారుచేసినవారే హెచ్చరించారు. వర్జీనియా, పాడువా యూనివర్సిటీలవారు తయారుచేసిన కంప్యూటర్ పేషెంట్లనైతే 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జంతువుల మీద చేసే పరీక్షలకు బదులుగా అంగీకరించింది. పంపులు తయారుచేసే కంపెనీలు కూడా తెర మీద బటన్లు నొక్కి నేర్చుకునే పాఠాలు ఇచ్చాయి.

మేం మొదట అలాంటి పాఠమే ఒకటి తెచ్చి పెట్టాం. అంతా ఇంగ్లీషు. అందులో భోజనం అంటే శాండ్‌విచ్. ఒక రైతు ఓపిగ్గా అంతా చూసి, "ఇందులో మనం తినేది ఏదీ లేదండీ" అని లేచిపోయాడు. అప్పుడు సొంతంగా తయారుచేయక తప్పలేదు. ఆఫీసులో స్లైడ్లు వేసుకునే ప్రోగ్రాంతోనే చేశాం. ప్రతి జవాబుకూ ఒక లింకు, ప్రతి తప్పుకూ ఒక దారి. క్యాంటీన్ నుంచి ఇడ్లీ, పెసరట్టు, పప్పన్నం తెప్పించి, తూకం వేసి ఫొటోలు తీశాం. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే 200 గ్రాములకు 56. తెర మీది బాబుకు 10 గ్రాములకు ఒక యూనిట్ చొప్పున 5.6 యూనిట్లు. షుగర్ 190 నుంచి 110కి దిగాలి, ఒక యూనిట్‌కు 40 తగ్గుతుంది కాబట్టి మరో 2 యూనిట్లు. మొత్తం 7.6. ఈ లెక్క ఆ బాబుదే సుమా! మీ లెక్క మీ డాక్టరు చెప్పాలి. చదువు రానివారి కోసం మా సిస్టర్ ఒకరు అన్నీ చదివి రికార్డు చేశారు. వెనక ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది, క్షమించాలి.

ఆ యువకుడి రాత్రినే మేం మొదటి పాఠంగా పెట్టాం. గోడ గడియారం రెండు గంటలు చూపిస్తుంది. షుగర్ 340. ఏం చేస్తారు? బోలస్ నొక్కితే గంట గడుస్తుంది, షుగర్ 365. మళ్ళీ నొక్కితే 390, బాబుకు వాంతి. సరైన దారి ఇది: షుగర్ 250 దాటితే కీటోన్లు చూడాలి. కీటోన్లు లేకపోతే ఒక్కసారి పంపుతో ఇచ్చి గంటలో మళ్ళీ చూడవచ్చు. అప్పటికీ తగ్గకపోయినా, మొదటే కీటోన్లు ఉన్నా, పంపును నమ్మకుండా సిరంజితో గానీ పెన్నుతో గానీ ఇన్సులిన్ తీసుకుని, ట్యూబు, గొట్టం మొత్తం మార్చాలి. వాంతులైతే ఆసుపత్రికి రావాలి.

రెండో పాఠం షుగర్ పడిపోవడం. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి. తెర మీద మైసూర్‌పాక్ కూడా పెట్టాం, చాలామంది దాన్నే నొక్కుతారు. అందులో నెయ్యి వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు.

విదేశీ పాఠాల్లో దేనిలోనూ మాకు కనపడనిది, మన దేశంలో అతి ముఖ్యమైనది సిరంజి సంగతి. మన మందుల షాపుల్లో దొరికే మామూలు ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దాని సిరంజికి ఎర్ర మూత. పంపులో వాడేది 100 యూనిట్లది. దాని సిరంజికి నారింజ మూత. పంపు ఆగిన రాత్రి కంగారులో ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితో పంపు ఇన్సులిన్ 10 గీత దాకా తీస్తే, ఒంట్లోకి వెళ్ళేది 10 కాదు, 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! తిరగేసి, 40 యూనిట్ల ఇన్సులిన్‌ను పంపులో నింపితే కావలసిన దానిలో 40 శాతమే అందుతుంది. ఈ పాఠాన్ని మూడుసార్లు తప్పు లేకుండా చేస్తేనే తర్వాతి పాఠం తెరుచుకునేలా పెట్టాం. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఎండ సంగతి కూడా చేర్చాం. 37 డిగ్రీలు దాటిన వేడి తగిలిన పంపు ఇన్సులిన్ పారేయాలి. మే నెలలో మన కోస్తా జిల్లాల్లో 40 దాటుతుంది. పంపును ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టి పొలానికి వెళ్ళినవారూ ఉన్నారు.

తెర నేర్పలేనివి

సూది గుచ్చేటప్పుడు చేతి వణుకు కంప్యూటర్‌కు కనపడదు. "దీంతో పిల్లకు పెళ్ళవుతుందా?" అని తండ్రి అడగలేక అడిగే ప్రశ్నకు దాని దగ్గర లింకు లేదు. అందుకే తెర పాఠాలయ్యాక మూడు రోజులు నిజమైన పంపులో ఇన్సులిన్‌కు బదులు సెలైన్ నింపి పెడతాం. ఆ రోజుల్లో ఎప్పటిలాగే ఇంజెక్షన్లు తీసుకోవాలి. ఆ తర్వాత సిస్టర్ ఎదుట కూర్చుని, ఈసారి పేషెంటే ఆమెకు పాఠం చెప్పాలి. అలా చెప్పగలిగితేనే ఇన్సులిన్ నింపుతాం.

2016లో అమెరికాలో అనుమతి పొందిన పంపుతో మొదలుకొని, షుగర్ సెన్సర్‌ను చూసి బేసల్‌ను తామే సర్దుకునే పంపులు వచ్చాయి. మంచివే. కానీ వాటి ట్యూబూ మడతపడుతుంది, వాటికీ భోజనం సంగతి చెప్పాలి. నేర్చుకోవలసింది తగ్గలేదు, పెరిగింది. ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఆపైన ప్రతి నెలా ట్యూబులకు, గొట్టాలకు ఖర్చు. మా దగ్గరికి వచ్చే టైప్ 1 బిడ్డల్లో ఎక్కువమంది సిరంజీల మీదే ఉన్నారు. ఆ బిడ్డలకు కూడా అన్నం లెక్క, షుగర్ పడిపోయే పాఠం, సిరంజి పాఠం ఇదే గదిలో, ఇదే కంప్యూటర్ మీద చెబుతున్నాం.

మొదట చెప్పిన అమ్మాయి సెలైన్ రోజులు దాటి ఇన్సులిన్‌తో ఇంటికి వెళ్ళింది. అమ్మమ్మకు అక్షరం రాదు. మౌసు పట్టుకోవడం చేతకాక తెర మీదే వేలు పెట్టి చూపించేది, సిస్టర్ నొక్కేది. సిరంజి పాఠం మాత్రం ఆమే పట్టుబట్టి నాలుగుసార్లు చేయించుకుంది.

పదిహేను రోజుల తర్వాత ఒక రాత్రి పదకొండున్నరకు వార్డు ఫోను మోగింది. అమ్మమ్మే.

"షుగర్ 310 ఉందమ్మా. కాగితం ముంచి చూశాం, కొంచెం రంగు మారింది. పంపుతో ఇయ్యలేదు, సూదితోనే ఇప్పించాను. నారింజ మూతదే. గొట్టం తీసి చూస్తే వంకరపోయింది, కొత్తది పెట్టుకుంటోంది పిల్ల. ఇంకేమైనా చెయ్యాలా?"

నీళ్ళు బాగా తాగించమని, గంట తర్వాత మళ్ళీ చూసి ఫోను చెయ్యమని సిస్టర్ చెప్పింది. పన్నెండున్నరకు 255. రెండు గంటలకు 178, కాగితం రంగు మారలేదు. మూడోసారి ఫోనులో అమ్మమ్మ గొంతు తగ్గించి, "పిల్ల నిద్రపోయిందమ్మా, లేపమంటావా?" అని అడిగింది.

"వద్దమ్మమ్మా, పడుకోనీ. నాలుగింటికి ఒక్కసారి లేపి షుగర్ చూపించు" అంది సిస్టర్.