నగరానికి పూల పంచాంగం: క్రుంబీగల్ ఉద్యాన దృష్టి

లాల్‌బాగ్ సమీపంలోని ఒక వీధికి క్రుంబీగల్ రోడ్డు అని పేరు. ఆ పేరు ఎవరిదో తెలియకుండానే ప్రతిదినం వేలాదిమంది ఆ వీధిలో రాకపోకలు సాగిస్తుంటారు. పుష్ప ప్రదర్శనల కోసం లాల్‌బాగ్‌కు వెళ్లే తెలుగు కుటుంబాలలోనూ ఆయన గురించి విన్నవారు తక్కువే. అయితే బెంగళూరు వీధులలో ఒక చెట్టు పూత రాలుతుండగానే మరొక చెట్టు విరగబూయడం గమనించని వారుండరు. ఆ వరుస యాదృచ్ఛికం కాదు. దాని వెనుక ఒక ఉద్యాన రూపశిల్పి ఆలోచన ఉంది.

లోహ్‌మెన్ నుంచి లాల్‌బాగ్ దాకా

గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ 1865లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి సమీపాన ఉన్న లోహ్‌మెన్ గ్రామంలో జన్మించారు. స్వదేశంలో తోటపని నేర్చి, లండన్‌లోని ప్రఖ్యాత క్యూ ఉద్యానంలో పనిచేసి, 1893లో బరోడా సంస్థానపు తోటల బాధ్యత స్వీకరించి భారతదేశానికి వచ్చారు. 1908లో మైసూరు సంస్థానం ఆయనను బెంగళూరుకు ఆహ్వానించింది. అప్పటి నుంచి 1932లో పదవీ విరమణ చేసేవరకు ప్రభుత్వ ఉద్యానాల నిర్వహణ ఆయన చేతిలోనే ఉంది.

లాల్‌బాగ్ అప్పటికే పాత తోట. 1760లో హైదర్ అలీ ప్రారంభించగా టిప్పు సుల్తాన్ విస్తరింపజేశారు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. క్రుంబీగల్‌కు ముందు ఆ బాధ్యతలో ఉన్న జాన్ కామెరాన్ కాలంలో గాజు భవనం వెలసింది. కనుక క్రుంబీగల్ శూన్యం నుంచి తోటను సృష్టించలేదు. ప్రహరీ లోపల పెరిగిన తోట లక్షణాలను నగర వీధులలోకి విస్తరింపజేయడమే ఆయన ప్రత్యేకత.

జర్మన్ దేశీయుడు కావడంతో ప్రపంచ యుద్ధాల కాలంలో ఆయన నిర్బంధానికి గురయ్యారు. అయినా ఈ నగరాన్ని విడిచి వెళ్లలేదు. 1956లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి కూడా ఈ నగరంలోనే ఉంది.

వరుస పూత

క్రుంబీగల్ పేరుతో ముడిపడిన ముఖ్యమైన ఆలోచన వరుస పూత. ఏడాదిలో ఏ నెలలోనైనా నగరంలో ఎక్కడో ఒకచోట ఏదో ఒక చెట్టు పూసి ఉండేలా, వేర్వేరు కాలాలలో పూచే జాతులను ఎంచి వేర్వేరు వీధులలో నాటడమే దాని సారం. దీనిని నగరానికి పూల పంచాంగం అనవచ్చు.

ఆ పంచాంగాన్ని నేటికీ చదువుకోవచ్చు. చలికాలం ముగిసే వేళకు గులాబీరంగు, పసుపురంగు టబెబుయాలు ఆకు రాల్చి పూలతో నిండుతాయి. వేసవి తొలినాళ్లలో జకరండాలు వీధికి ఊదారంగు పులుముతాయి. కన్నడిగులు హొంగె అని పిలిచే కానుగ అదే సమయంలో లేత చిగురు తొడిగి చల్లని నీడనిస్తుంది. ఏప్రిల్, మే నెలలలో తురాయి ఎర్రగా, రేల పచ్చగా పూస్తాయి. వానలు తగ్గుముఖం పట్టాక ఆకాశమల్లి తెల్లని పూలను బాటపై రాలుస్తుంది.

ఇందులో అందంతోపాటు కాలజ్ఞానం కూడా ఉంది. భవనం పూర్తయిన రోజున దాని రూపం పూర్తవుతుంది. చెట్టు నాటిన రోజున దాని రూపం మొదలవుతుంది. నిద్రగన్నేరు గొడుగులా విచ్చుకుని వీధికి ఇరువైపులా కమ్ముకోవడానికి దశాబ్దాలు పడుతుంది. నాటినవారు అనుభవించని నీడను తరువాతి తరం కోసం లెక్కవేసి నాటడమే ఉద్యాన రూపశిల్పి పని.

తోట ఒక్కరిది కాదు

రాజుల కాలంలో తోట అంటే ప్రధానంగా రాజవంశీయుల విహారస్థలం. అది పౌరుల ఆస్తి కావాలంటే, పౌరులకు మొక్కల పట్ల అభిరుచి, పెంపకంపై అవగాహన కలగాలి. 1912లో మైసూరు ఉద్యాన సంఘం ఏర్పడటం ఆ దిశలో ఒక ముఖ్యమైన మెట్టు. ఈనాడు జనవరి 26, ఆగస్టు 15 సందర్భాలలో జరిగే పుష్ప ప్రదర్శనలు ఆ సంప్రదాయానికి కొనసాగింపే. కృష్ణరాజసాగర్ వద్ద దివాన్ మీర్జా ఇస్మాయిల్ చొరవతో రూపొందిన బృందావన్ ఉద్యానం రూపకల్పనలోనూ క్రుంబీగల్‌కు భాగముంది.

ఆయన తరువాత హెచ్.సి. జవరాయ, ఆపై ఎం.హెచ్. మరిగౌడ ఆ పరంపరను నిలబెట్టారు. 1980లలో అటవీ అధికారి ఎస్.జి. నెగినహాళ్ నాయకత్వంలో నగరమంతటా సుమారు 15 లక్షల మొక్కలు నాటారు. ఈనాటి వీధి చెట్లలో అనేకం ఆ కాలానివి. కనుక నేడు కనిపించే నీడ ఏ ఒక్కరి కీర్తి కాదు. ఒకరు మొదలుపెట్టిన పనిని తరువాతివారు వదలకుండా కొనసాగించినందుకు లభించిన ఫలితం.

అందానికీ ప్రకృతి రక్షణకూ మధ్య

ఈ వారసత్వాన్ని విమర్శ లేకుండా స్వీకరించనవసరం లేదు. జకరండా, టబెబుయాలు దక్షిణ అమెరికా ఖండానికి చెందినవి. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. అవి కనులకు విందు చేస్తాయి గాని, మర్రి, రావి, మేడి, నేరేడు వలె పక్షులకు పండ్లు పెట్టవు. పూల అందం ఒక్కటే ప్రమాణమైతే నగరం చూడచక్కగా ఉంటుంది గాని, అందులో ప్రాణికోటికి చోటు కుదించుకుపోతుంది. ఇకపై నాటే చెట్లలో స్థానిక జాతులకు ప్రాధాన్యం దక్కాలన్న వాదనలో ఎంతో న్యాయముంది.

అయితే పుట్టుక ఎక్కడిదైనా, పెరిగిన చెట్టు చేసే ఉపకారం చిన్నది కాదు. హరిణి నాగేంద్ర తదితర పరిశోధకులు బెంగళూరు వీధులలో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చెట్లున్న చోట మధ్యాహ్నపు గాలి ఉష్ణోగ్రత గరిష్ఠంగా 5.6 డిగ్రీలు, రోడ్డు ఉపరితలపు వేడి గరిష్ఠంగా 27.5 డిగ్రీల సెల్సియస్ వరకు తక్కువగా నమోదైంది. తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవారికి, భవన నిర్మాణ కూలీలకు, బస్సు కోసం నిలబడే వృద్ధులకు ఈ తేడా ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో చల్లదనానికి యంత్రాలు కొనుక్కోగలవారి కన్నా, ఎండలో పనిచేసేవారికే వీధి చెట్టు ఎక్కువ అవసరం.

రోడ్డు విస్తరణకు ఒక పెద్ద చెట్టును కొట్టివేసి, దూరాన పది మొక్కలు నాటితే లెక్క సరిపోయినట్లు కనిపిస్తుంది. కాని ఆ వీధి కోల్పోయిన నీడ ఆ వీధికి తిరిగి రాదు. పూల పంచాంగంలో ఒక పుట చిరిగిపోయినట్లే.

చట్టం, పౌరుల బాధ్యత

కర్ణాటకలో ఈ సంపదకు చట్టరక్షణ ఉంది. ప్రభుత్వ ఉద్యానాల భూమి అన్యాక్రాంతం కాకుండా 1975 నాటి చట్టం, ఇతర ఉద్యానాలు, ఆటస్థలాలు, బహిరంగ ప్రదేశాల రక్షణకు 1985 నాటి చట్టం ఉన్నాయి. 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం, మినహాయించిన కొన్ని జాతులు తప్ప, సొంత ఆవరణలోని చెట్టునైనా వృక్షాధికారి అనుమతి లేకుండా నరకరాదు. 50కి మించి చెట్లను తొలగించే ప్రతిపాదన వస్తే, బహిరంగ ప్రకటన ఇచ్చి ప్రజల అభ్యంతరాలను స్వీకరించాలి. ఆ ప్రకటనను చదివి సకాలంలో అభిప్రాయం తెలపడం పౌరుల హక్కు. ఏ ఊరి నుంచి వచ్చి స్థిరపడినవారికైనా ఆ హక్కు సమానమే.

ఇంటి ముందరి చెట్టు విషయంలో చేయదగిన పనులు సులభమైనవి. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోయకుండా, నీరు ఇంకేలా పాదుకు చోటు విడిచిపెట్టాలి. మానుకు మేకులు కొట్టి ప్రకటనలు తగిలించరాదు. రాలిన ఆకులను కాల్చక ఎరువుగా మార్చాలి. కొత్త మొక్క నాటితే తొలి వేసవులలో నీరు పోసే బాధ్యతను ఇంటివారే తీసుకోవాలి. ఎండిన లేదా ప్రమాదకరమైన కొమ్మలు కనిపిస్తే స్వయంగా నరికివేయక, నగరపాలక అటవీ విభాగానికి తెలియజేయాలి.

దూరదేశం నుంచి వచ్చిన ఒక తోటమాలి ఈ నగరాన్ని తనదిగా భావించి, తాను చూడబోని కాలానికి నీడను సిద్ధం చేశారు. ఆ నీడలో నడుస్తున్నవారు తమ తరువాతివారి కోసం చేయవలసిన పని కూడా అదే.