మీకు తెలుసా? జానీ ఇంగ్లిష్ పుట్టింది క్రెడిట్ కార్డు ప్రకటనలో!

2003లో పొట్టచెక్కలయ్యేలా నవ్వించిన 'జానీ ఇంగ్లిష్' మొదట వెండితెర కోసం పుట్టినవాడు కాదు. 1990లలో బ్రిటన్ టీవీల్లో వచ్చిన బార్‌క్లేకార్డ్ ప్రకటనల్లో రోవన్ అట్కిన్సన్ వేసిన తికమక గూఢచారే అతనికి మూలం. అప్పట్లో పేరు రిచర్డ్ లేథమ్. సహాయకుడు బాఫ్ మాత్రం అదే పేరుతో సినిమాలోకీ వచ్చేశాడు.

సినిమా రాసిన ముగ్గురిలో ఇద్దరు, నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్, అసలైన జేమ్స్ బాండ్ చిత్రాల రచయితలు. బాండ్ గుట్టుమట్లన్నీ తెలిసినవాళ్లు కాబట్టే ఆ పేరడీ అంత చక్కగా పండింది.

శవయాత్ర బండిని వెంటాడే ఘట్టమే చూడండి. దొంగల బండి అనుకుని జానీ నిజమైన అంత్యక్రియల్లోకి దూరిపోతాడు. ఏడుస్తున్నవాళ్లను పట్టుకుని, నటిస్తున్నారంటూ నిలదీస్తాడు. చివరికి బాఫ్ వచ్చి, ఇతను ఆస్పత్రి నుంచి తప్పించుకున్న మతిస్థిమితం లేని రోగి అని నమ్మించి బయటికి లాక్కుపోతాడు. అట్కిన్సన్ ముఖంలో ఆ నమ్మకం చెక్కుచెదరకపోవడంలోనే ఉంది హాస్యమంతా.

అన్నట్టు, 1983లో షాన్ కానరీ బాండ్‌గా నటించిన 'నెవర్ సే నెవర్ అగైన్'లోనూ అట్కిన్సన్ ఓ చిన్న వేషం వేశాడు. అక్కడా తడబడే అధికారే!