లెక్కలొద్దని ఐటీఐకి వెళ్తే... అక్కడా లెక్కలే!

దేవరగట్టు అని గూగుల్‌లో కొట్టి చూడండి. కర్రలు, దివిటీలు, పగిలిన తలలు. విజయదశమి అర్ధరాత్రి జరిగే మాళ మల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవం వీడియోలే స్క్రీన్ నిండా. మాది ఆ చుట్టుపక్కల ఊరే. బెంగళూరు ఆఫీసులో ఊరి సంగతి వస్తే చాలు, 'నువ్వూ కర్ర పట్టుకున్నావా?' అంటారు. ఇప్పుడు చెప్పబోయేది కర్ర గురించి కాదు, దాని చివర తొడిగే ఇనుప రింగు గురించి. (ఆ రింగులు వద్దని పోలీసులు మొత్తుకోవడం వేరే కథ.)

కర్ర మందం 40 మిల్లీమీటర్లు. చుట్టాల్సిన ఇనుప పట్టీ మందం 3 మిల్లీమీటర్లు. పట్టీని ఎంత పొడవుకి కోయాలి?

పదో తరగతి పాసైన ఎవరైనా 40ని 3.14తో గుణించి 125.6 అంటారు. ఆ కొలతకి కోసి చుట్టండి, రింగు మూతపడదు. దాదాపు 9 మిల్లీమీటర్ల సందు మిగిలిపోతుంది. ఎందుకంటే ఇనుమును వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, పొడవు మారనిది మధ్యలో ఉన్న గీత ఒక్కటే. కాబట్టి లోపలి వ్యాసానికి పట్టీ మందం కలిపి, అంటే 43ని 3.14తో గుణించాలి. 135 వస్తుంది.

ఇంకో తమాషా ఉంది. ఆ సందు రింగు సైజు మీద ఆధారపడదు. మందం ఎంతో దానికి 3.14 రెట్లు, అంతే. 5 మిల్లీమీటర్ల షీటుతో చిన్న డ్రమ్ము చుట్టినా, ట్యాంకర్ అంత పెద్దది చుట్టినా, లోపలి కొలతతో కోస్తే తగ్గేది 15.7 మిల్లీమీటర్లే. ఈ మాట నాకు ఇంజినీరింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆదోనిలో వెల్డింగ్ షాపు నడిపే మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. వాడు చదివింది వెల్డర్ ట్రేడ్‌లో ఐటీఐ, ఒక్క ఏడాది కోర్సు. 'అన్నా, 5 ఎంఎం షీటుకి ఐదు సూత్‌లు ఎక్కువ పెట్టుకుంటే చాలు' అన్నాడు. చూస్తే ఐదు సూత్‌లంటే 15.9 మిల్లీమీటర్లు. లెక్క సరిపోయింది!

సూత్ తెలియనివాళ్ళకి: అంగుళంలో ఎనిమిదో వంతు సూత్. వెల్డింగ్ షాపుల్లో, కార్పెంటర్ల దగ్గర ఇప్పటికీ నడిచే కొలత. టేపు మీద అంగుళాల పక్కనే సెంటీమీటర్లున్నా, నోట్లో మాత్రం సూతే.

ఇంతకీ విషయం ఏంటంటే, మన దగ్గర లెక్కలు ఒక జల్లెడ. టెన్త్‌లో మార్కులొస్తే ఎంపీసీ, తర్వాత ఎంసెట్ (పేరు మారినా అందరూ ఇంకా అలాగే అంటారు), బీటెక్, బెంగళూరో హైదరాబాదో. నేను వచ్చిన దారి ఇదే. జల్లెడలో ఆగిపోయినవాడికి 'వీడికి లెక్కలు రావు, ఐటీఐలో పడేయండి' అనే మాట. లెక్కలు వచ్చినవాడికి సుత్తి అక్కర్లేదు, సుత్తి పట్టినవాడికి లెక్కలక్కర్లేదు అన్నట్టు ఇంట్లోవాళ్ళే పంచేస్తారు.

మా పక్క ఈ జల్లెడ ఇంకా గట్టిది. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, హొళగుంద పక్క పల్లెల్లో వానలు ఎగ్గొడితే ఊళ్ళకి ఊళ్ళే సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప తోటలకి, పత్తి తీతలకి. ఇంటికి తాళం, పిల్లలూ వెంటే. పుస్తకంలో భిన్నాలు, దశాంశాలు నడుస్తున్న నెలల్లో పిల్లవాడు మిరప కళ్ళంలో ఉంటాడు. తిరిగొచ్చేసరికి క్లాసు బీజగణితంలోకి వెళ్ళిపోయి ఉంటుంది. చరిత్ర పాఠం ఒకటి పోతే ఇంకోటి చదువుకోవచ్చు. లెక్కల్లో మెట్టు పోతే పైమెట్టు అందదు. వాడికి లెక్కలు రాకపోవడం కాదిది, లెక్కలు జరిగినప్పుడు వాడు అక్కడ లేకపోవడం.

మా తమ్ముడి షాపులో ఒక కుర్రాడున్నాడు. ఎనిమిది దాకా చదివాడు, అదీ ఏటా మూడు నాలుగు నెలలు పోను. యాంగ్లర్ ముక్కలు కోసేటప్పుడు చూశాను, రెండడుగుల నాలుగంగుళాల మూడు సూత్‌ల ముక్కలోంచి అంగుళం ఐదు సూత్‌లు తీసేయాలంటే కాగితం ముట్టుకోలేదు. రెండడుగుల రెండంగుళాల ఆరు సూత్‌లకి గీత గీశాడు. ఇది భిన్నాల తీసివేతే కదా! 3/8లోంచి 5/8 పోదు, పక్కనుంచి ఒక అంగుళం అప్పు తెచ్చుకోవాలి. అదే మాట వాడితో అంటే నవ్వాడు. 'బడిలో ఐదు బై ఎనిమిది అంటే భయమయ్యేదన్నా. ఇక్కడ ఐదు సూత్‌లంటే చెయ్యే అక్కడికి పోతాది.'

ఇప్పుడు ఐటీఐ సంగతి. దేశంలో ఐటీఐలు నడిచే క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ 1950 నాటిది. అందులో వెల్డర్ ట్రేడ్‌కి ఎనిమిదో తరగతి పాసైతే చాలు. కానీ సిలబస్ తెరిస్తే ట్రేడ్ థియరీ, ప్రాక్టికల్‌తో పాటు వర్క్‌షాప్ కాలిక్యులేషన్ అండ్ సైన్స్ అని ఒకటి, ఇంజినీరింగ్ డ్రాయింగ్ అని ఒకటి కనిపిస్తాయి. భిన్నాలు, వర్గమూలాలు, నిష్పత్తులు, శాతాలు, వైశాల్యాలు, ఘనపరిమాణాలు. మన కుర్రాడు ఏవి వదిలేసి సుగ్గికి పోయాడో సరిగ్గా అవే! చదువు వాడికి ఇచ్చే రెండో ఛాన్స్ అది.

దాన్ని చాలాచోట్ల ఎలా వాడుతున్నారంటే... క్వశ్చన్ బ్యాంక్. పరీక్షలో బిట్లు వస్తాయి కాబట్టి జవాబులు బట్టీ. వెల్డింగ్ బూత్ ఒక గదిలో, లెక్కలు ఇంకో గదిలో. రెండింటి మధ్య గోడ పగలగొట్టే మాస్టారు దొరికితే అదృష్టం. మా తమ్ముడికి అలాంటాయన దొరికారు. ఆయన బోర్డు మీద వేసిన ఒక లెక్క వాడు నాకు షాపులో సుద్దతో ఇనుప షీటు మీద వేసి చూపించాడు. అది మీరూ చూడాలి.

రెండు ప్లేట్లు 'ఎల్' ఆకారంలో నిలబెట్టి మూలన వెల్డింగ్ వేస్తాం కదా, దాన్ని ఫిల్లెట్ అంటారు. అడ్డంగా కోసి చూస్తే లంబకోణ త్రిభుజం. రెండు భుజాలూ సమానం. దాని బలం భుజం మీద కాదు, మూల నుంచి కర్ణం దాకా ఉండే అతి తక్కువ దూరం మీద ఆధారపడుతుంది. దాన్ని థ్రోట్ అంటారు, భుజానికి 0.707 రెట్లు. 6 మిల్లీమీటర్ల భుజానికి 4.24. పైథాగరస్ ఉద్యోగం చేసేది ఇక్కడే.

ఇప్పుడు కస్టమర్ వచ్చి 'ఇంకొంచెం గట్టిగా కొట్టప్పా' అంటాడు. 6 బదులు 8 వేశామనుకోండి. బలం 33 శాతం పెరుగుతుంది. మరి రాడ్డు? త్రిభుజం వైశాల్యం 18 చదరపు మిల్లీమీటర్ల నుంచి 32కి పోతుంది. అంటే 78 శాతం ఎక్కువ! మీటరు పొడవుకి 6 అయితే 141 గ్రాముల ఇనుము, 8 అయితే 251. మామూలు 3.15 రాడ్లలో, చిమ్మిపోయేది కలుపుకుని, దాదాపు 9 పట్టేచోట 15, 16 పడతాయి. కరెంటు, టైము అదే దారి. వేడి ఎక్కువై ప్లేటు వంకర పోతుంది, అది బోనస్. మీటరుకి ఇంతని ముందే రేటు మాట్లాడుకున్నాక ఈ లెక్క తెలియనివాడు రోజంతా కష్టపడి చేతి నుంచి పెట్టుకుంటాడు. వాడికి నష్టం ఎక్కడొచ్చిందో కూడా అర్థం కాదు.

నేను రోజూ రాసే కోడ్‌లో ఇంత శుభ్రమైన లెక్క తగలడం అరుదు. నిజం.

గేటు, గొర్రు, ట్రాక్టర్ ట్రాలీ రిపేరు దాకా ఈ లెక్కతో నడిచిపోతుంది. అసలు గొడవ ఆ పైన మొదలవుతుంది. పైప్‌లైన్లు, బాయిలర్లు, ఓడలు చేసే పెద్ద కంపెనీల్లో వెల్డర్ చేతికి ఒక కాగితం ఇస్తారు, డబ్ల్యూపీఎస్ అని. ఏ రాడ్డు, ఎన్ని ఆంప్స్, ఎన్ని వోల్ట్స్, ఎంత స్పీడు, అన్నీ అందులో ఉంటాయి. కొన్ని పనుల్లో హీట్ ఇన్‌పుట్‌కి గీత గీసి ఉంటుంది. వోల్టులు, ఆంప్స్, 60 గుణించి, నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు కదిలామో దాంతో, ఇంకా 1000తో భాగించాలి. 24 వోల్టులు, 120 ఆంప్స్, నిమిషానికి 150 మిల్లీమీటర్లయితే మిల్లీమీటరుకి 1.15 కిలోజౌళ్ళు. పరిమితి 1.5 అనుకోండి, హాయిగా లోపలే ఉన్నాం. చెయ్యి నెమ్మదించి స్పీడు 100కి పడిందా, 1.73. కంటికి వెల్డింగ్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, పక్కనున్న ఉక్కు మాత్రం పెళుసుబారే ప్రమాదం. టెస్టులో పోతుంది.

గల్ఫ్ ఇంటర్వ్యూల్లో అడిగే 6జీ టెస్ట్ పేరు వినే ఉంటారు. పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, చుట్టూ వెల్డింగ్ వేయమంటారు. అది చేతి పనితనం, ఒప్పుకుంటా. కానీ అదే చెయ్యి ఉన్న ఇద్దరిలో కాగితం చదవగలిగినవాడికి పని అప్పగించి వెళ్ళిపోవచ్చు, చదవలేనివాడి పక్కన ఎవరో ఒకరు నిలబడాలి. హెల్పర్‌గా ఆగిపోయేదీ, వెల్డర్ అనిపించుకునేదీ ఎక్కువగా ఇక్కడే.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. 1901లో షికాగో దగ్గర జోలియట్‌లో మొదలైన పద్ధతి. అక్కడ వెల్డింగూ లెక్కలూ ఒకే ప్రాంగణంలో నేర్చుకోవచ్చు. రేపు బుద్ధి పుడితే లెక్కల క్రెడిట్లతో యూనివర్సిటీకి మారొచ్చు. మన దగ్గర యూజీసీ 2013లో ఆ పేరుతోనే ఒక స్కీమ్ తెచ్చింది గానీ, మా ఊళ్ళో ఎవరినైనా అడగండి, ఆ మాట విన్నవాళ్ళు కనబడరు. మనకి ఆ పని చేయాల్సింది ఐటీఐలే. బిల్డింగ్ ఉంది, సిలబస్ ఉంది, సబ్జెక్టూ ఉంది. కావాల్సింది లెక్కల క్లాసుని బూత్ పక్కకి తీసుకురావడం. సుద్దముక్క, పాత షీటు ముక్క, టేపు, మూలమట్టం ఉంటే మొదలుపెట్టేయొచ్చు. దీనికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.

ఆ మాటకొస్తే మా పల్లెల్లో ఈ లెక్క కొత్తదేం కాదు. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం మా తాతల తరం చూసింది. పట్టాని చక్రం కన్నా కాస్త చిన్నగా చేసి, మంటల్లో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు తొడిగి, నీళ్ళు గుమ్మరిస్తారు. చల్లారి బిగుసుకుపోతుంది. ఉక్కు మీటరు పొడవుకి 100 డిగ్రీల వేడికి 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. నాలుగున్నర అడుగుల చక్రం చుట్టుకొలత 4.3 మీటర్లు, 500 డిగ్రీలు వేడెక్కిస్తే అంగుళం సాగుతుంది. ఎంత చిన్నగా చేయాలో కొలిమి దగ్గరి మనిషికి తెలుసు. ఆయనకి లెక్కలు రావని ఎవరైనా అన్నారా?

చేరాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. ఐటీఐకి కనీసం 14 ఏళ్ళుండాలి. వెల్డర్‌కి ఎనిమిది పాస్ చాలు, ఫిట్టర్ లాంటి రెండేళ్ళ ట్రేడ్లకి టెన్త్ కావాలి. అయిపోయాక అప్రెంటిస్ చేయడం మర్చిపోవద్దు, స్టైపెండ్ ఇస్తారు. మనది గుంతకల్ డివిజన్, రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్లలో వెల్డర్ ట్రేడ్ ఉందేమో చూస్తూ ఉండండి. చేరే ముందు మాత్రం ఆ ఐటీఐకి ఒకసారి వెళ్ళి ప్రిన్సిపాల్‌ని కాదు, సీనియర్లని అడగండి: 'లెక్కల క్లాసు జరుగుతాందా అన్నా, బిట్లేనా?'