ఎత్తు పెంచితే గుట్టెక్కేస్తుందా?

బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి ఎప్పుడైనా వెళ్లారా? కారు వదిలేసి జీపెక్కాల్సిందే. రాళ్లూ గుంతలూ నిండిన ఆ దారిలో జీపు ఒరిగినప్పుడల్లా గుండె జారిపోతుంది. తీరా కిందికి దిగాక కుర్రాళ్ల నోట ఒకటే మాట... 'మనమూ ఓ పాత జీపు కొని, ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయిస్తేనా!'

మీ ఇంట్లోనూ ఆ మాట వినిపిస్తోందా? అయితే డబ్బులిచ్చే నాన్నా, ఆ బండెక్కే అమ్మా కూడా తెలుసుకోవాల్సిన సంగతులు కొన్నున్నాయి.

పాత బండే ఎందుకు?

ఫోర్ వీల్ డ్రైవ్ అనగానే మనకు గుర్తొచ్చేవి రెండు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ వారసత్వంతో వచ్చిన మహీంద్రా జీపులు ఒకటి. 1985లో వచ్చి సైన్యానికీ పోలీసులకీ దగ్గరైన మారుతీ జిప్సీ మరొకటి. జిప్సీని సామాన్యులకు అమ్మడం 2019 నాటికి ఆగిపోయింది. అయినా మోజు తగ్గలేదు. నిచ్చెనలాంటి ఛాసిస్, గట్టి ఇరుసులు, వాటికి కమాన్ కట్టలు... విప్పడమూ బిగించడమూ తేలిక. అందుకే ఎత్తు పెంచాలనుకునేవాళ్ల చూపు వీటిమీదే.

జిప్సీలో కమాన్లు ఇరుసు కింద ఉంటాయి. వాటిని ఇరుసు మీదికి మారిస్తే చాలు, బండి సుమారు 5 అంగుళాలు లేస్తుంది. కొందరు కమాన్లో ఓ పట్టీ అదనంగా వేయిస్తారు. ఇంకొందరు కమాన్ చివరనుండే షాకిల్‌ను పొడవుది వేయిస్తారు. షాకిల్ 2 అంగుళాలు పెరిగితే బండి లేచేది అంగుళమే!

అసలు కిటుకు

ఇక్కడే చాలామంది పొరబడతారు. కమాన్లు మారిస్తే లేచేది బాడీ మాత్రమే. ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. రాళ్లకు తగిలేది ఎక్కువగా అదే. అది లేవాలంటే పెద్ద టైర్లు వేయాలి. టైరు ఎత్తు 2 అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక్క అంగుళం. అంటే బాడీని లేపేది ముఖ్యంగా పెద్ద టైర్లకు చోటివ్వడానికే అన్నమాట.

ఎత్తుకు మూల్యం

బండి బరువంతా ఒకచోట కూడినట్టుండే బిందువు నేలకు 25 అంగుళాల ఎత్తులో ఉందనుకుందాం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 50 అంగుళాలు. లెక్క ప్రకారం ఆ బండి 45 డిగ్రీలు పక్కకు ఒరిగేదాకా పడదు. ఆ బిందువు మరో 5 అంగుళాలు పైకి జరిగిందా... 40 డిగ్రీలకే బోల్తా! మలుపులో వేగంగా తిప్పితే అంతకంటే ముందే. వెనక బెంచీ మీద పిల్లలుంటే ఆ 5 డిగ్రీల విలువేమిటో వేరే చెప్పాలా?

అంతటితో అయిపోలేదు. స్టీరింగ్ రాడ్ల వాలు మారి గుంతల్లో బండి పక్కకు లాగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలై కీళ్లు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు చాలక సాగుతాయి. టైరు పది శాతం పెద్దదైతే, మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 66 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటుంది. బ్రేకులు మాత్రం పాతవే!

చట్టమేమంటుంది?

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ తప్పవు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కులొస్తాయి. అందుకే సొంత స్థలంలోనో పోటీల మైదానంలోనో నడిపే బండికే ఈ సరదా. దాన్నక్కడికి మరో వాహనం మీద చేర్చాలి.

ముందు ఇవి చూడండి

* ఛాసిస్ తుప్పు పట్టిందేమో సుత్తితో తట్టి చూడాలి. అది బాగోకపోతే మిగతా ఖర్చంతా వృథా.

* పాత కమాన్లు కుంగిపోయి ఉంటాయి. కంపెనీ కొలతల ప్రకారం కొత్తవి వేస్తే పోయిన ఎత్తు తిరిగొస్తుంది. చట్టంతో పేచీ ఉండదు.

* షాకబ్జర్లు, బ్రేకులు, స్టీరింగ్ కీళ్లు కొత్తవి వేయించాలి.

* ఇసుకలో, బురదలో టైర్ల గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. రోడ్డెక్కేముందు మళ్లీ నింపడం మరవొద్దు.

* వెళ్లేచోట నడిచి దారి చూసుకోవాలి. ఒంటరిగా వెళ్లొద్దు.

ఇవన్నీ చేశాక ఓసారి నడిపి చూడండి. అంత ఎత్తు నిజంగా అవసరమా అని అప్పుడు మీకే తెలుస్తుంది. గుట్ట ఎక్కడమొక్కటే సరదా కాదు కదా... ఇంటిల్లిపాదీ నవ్వుతూ తిరిగి దిగిరావాలి!