గాడిలో దాగిన గళం

ధ్వని క్షణికం. పలికిన మాట మరుక్షణమే గాలిలో కలిసిపోతుంది. దానిని నిలిపి ఉంచాలన్న మానవుని కోరికను 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ రూపొందించిన ఫోనోగ్రాఫ్ తీర్చింది. అయితే ఆనాటి రికార్డులలో ఒక చిక్కు ఉంది. సన్నని గాడిలో ముల్లు రాసుకుంటూ సాగితేనే ధ్వని పుడుతుంది. ఆ రాపిడికి గాడి అరిగిపోతుంది. అంటే, విన్న ప్రతిసారీ ఆ స్వరానికి ఆయువు తగ్గుతుంది. పైగా గాడిలోని దుమ్మును, గీతలను కూడా ముల్లు ధ్వనిగానే మార్చి, పాటతోపాటు గరగరను వినిపిస్తుంది.

ఈ చిక్కుకు పరిష్కారం భౌతికశాస్త్రం చూపింది. అమెరికాలోని లారెన్స్ బర్క్లీ జాతీయ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫదేయెవ్ అనే శాస్త్రజ్ఞులు సూక్ష్మకణాల జాడను పసిగట్టే పరికరాలపై కృషి చేసేవారు. ఆ కొలతల నేర్పునే పాత రికార్డులపై ప్రయోగించి, 2003లో ఫలితాలను ప్రకటించారు. ఈ పద్ధతిలో పనిచేసే యంత్రానికి ‘ఐరీన్’ అని పేరు.

ఇందులో ముల్లు లేదు. కాంతి మాత్రమే ఉంటుంది. గ్రామఫోను పళ్లెంపై గాడి అటూ ఇటూ ఊగుతూ సాగుతుంది. ఆ ఊగిసలాటను కెమెరా సూక్ష్మంగా చిత్రిస్తుంది. మైనపు గొట్టాలపై మారేది గాడి లోతు. కనుక అక్కడ కాంతితో లోతును కొలుస్తారు. ఆ గాడిలో ముల్లు ఎలా కదిలి ఉండేదో కంప్యూటర్ లెక్కకట్టి, ధ్వనిగా మారుస్తుంది. దుమ్ము, గీతలు గాడి సహజరూపానికి భిన్నంగా కనిపిస్తాయి కాబట్టి వాటిని ముందే గుర్తించి తొలగిస్తారు. ఇరుకు సందులో నడిచేవానికి ప్రతి రాయీ కాలికి తగులుతుంది. మేడపై నుండి చూసేవానికి దారి వేరుగా, రాయి వేరుగా కనిపిస్తాయి. ముల్లుకూ కెమెరాకూ గల భేదం ఇదే. అయితే పూర్తిగా అరిగిపోయిన ధ్వనిని ఈ పద్ధతి కూడా సృష్టించలేదు.

టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1885లో రికార్డు చేసిన తన గళాన్ని లోకం 2013లో వినగలిగింది ఈ పద్ధతి వల్లనే. అంతకంటె విలువైన సేవ మరొకటి ఉంది. బర్క్లీలోని హర్స్ట్ మ్యూజియంలో 2700కు పైగా మైనపు గొట్టాలున్నాయి. 1900-1938 మధ్య సేకరించిన కాలిఫోర్నియా ఆదిమజాతుల పాటలు, కథలు వాటిలో ఉన్నాయి. యాహీ జాతిలో చివరివాడైన ఇషీ 1916లో మరణించాడు. ఆయన చెప్పిన కథలూ వాటిలోనే ఉన్నాయి. ఆయనతో ఆ భాషను మాతృభాషగా పలికే గొంతు మూగబోయింది. అటువంటి స్వరాన్ని ముల్లుతో గీసి వినడమంటే, విత్తనాన్ని వండుకు తినడమే. గాడిని తాకకుండా కాంతితో చదివినందువల్ల ఆ పలుకు చెడకుండా మిగిలింది. తమ పూర్వుల భాషను తిరిగి నేర్వగోరే వారసులకు అది నేడు గురువు.