19 లీటర్ల బీరుకు ఎంత గుండిగ?

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల కొలత 5 గ్యాలన్లు. అంటే సుమారు 19 లీటర్లు, మన మంచినీళ్ల క్యానుకు ఒక లీటరు తక్కువ. చిన్న సీసాల్లో పోస్తే యాభై దాకా వస్తాయి. డబ్బాలో దొరికే మాల్టు పాకంతో ఇన్నాళ్లూ కాచినవాళ్లు ఇక గింజ నుంచే మొదలుపెట్టాలనుకుంటే ఆ పద్ధతిని ఆల్-గ్రెయిన్ అంటారు. సామాన్ల జాబితా చూసి చాలామంది అక్కడే బెదిరిపోతారు. నిజానికి సరిగ్గా లెక్క చూసుకోవలసింది ఒక్క గుండిగ సైజే.

ముందు చట్టం సంగతి. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు కాచుకోవచ్చు. అమ్మకూడదు. 200 గ్యాలన్లంటే 40 విడతలు. తొమ్మిది రోజులకోసారి పొయ్యి వెలిగించేంత తీరిక ఏ సంసారికి ఉంటుంది లెండి! మీ రాష్ట్రం నిబంధన కూడా ఒకసారి చూసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా కాయడం నేరం. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఇది పంపి చిక్కుల్లో పెట్టకండి.

మొలకెత్తించిన రాగులతో కాచిన జావ మామూలు జావ కంటే పల్చగా, కాస్త తియ్యగా ఉంటుంది కదా. బార్లీ విషయంలోనూ జరిగేది అదే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీయే మాల్టు. దాన్ని నలగ్గొట్టి 65 నుంచి 68 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి. దీన్ని మ్యాష్ అంటారు. దిగిన తియ్యటి నీరు వోర్టు. అందులో చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి గంట మరిగించి, చల్లార్చి, ఈస్టు కలపాలి.

ఇప్పుడు నీళ్ల లెక్క. 5 శాతం ఆల్కహాలుండే బీరుకు సుమారు 5 కిలోల మాల్టు పడుతుంది. అది తాగేసి తిరిగివ్వని నీళ్లు దాదాపు 5 లీటర్లు. గంట మరుగులో ఆవిరయ్యేవి 4 లీటర్లు. అడుగున మడ్డిలో ఒక లీటరు పోతుంది. మిగలాల్సిన 19 కలిపితే 29 లీటర్లు. నీళ్లన్నీ ఒకేసారి పోసి గింజలు వేస్తే అవి ఇంకో మూడు లీటర్ల పైన చోటు తీసుకుంటాయి. అంటే 32 దాటింది. అందుకే 10 గ్యాలన్ల గుండిగ, అంటే 38 లీటర్లది తీసుకోండి.

"అంత పెద్దది ఎందుకు? 30 లీటర్లది చాలదా?" మ్యాష్ వేరే పాత్రలో చేస్తే చాలుతుంది. మరిగించాల్సింది 24 లీటర్లే. కానీ పొంగు పాలకంటే మొండిది. నేను మొదట్లో 19 లీటర్ల బీరుకు 19 లీటర్ల గిన్నె చాలనుకున్నాను. పొయ్యి మీద గట్టిపడిన పాకాన్ని గీకడానికి ఒక ఆదివారం పట్టింది.

వేరే పాత్ర అంటే, పిక్నిక్‌లకు తీసుకెళ్లే నీళ్ల కూలరుకు అడుగున జల్లెడ బిగించి వాడతారు. వేడి బాగానే నిలుపుతుంది. మొదటిసారి దానికి డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. సన్నటి నైలాన్ వలసంచి గుండిగలో పరిచి, గింజలు అందులో పోసి, గంట తర్వాత మూట పైకి లాగితే పని అయిపోతుంది. ఒక్క కష్టం, తడిసిన మూట 10 కిలోలు తూగుతుంది. ఇండియన్ స్టోరులో 20 పౌండ్ల బియ్యం సంచి కంటే కొంచెం ఎక్కువే, పైగా వేడివేడిగా కారుతూ ఉంటుంది. పైన కప్పీ కట్టండి, లేదా రెండో మనిషిని పిలవండి.

ప్లగ్గుకు తగిలించే కరెంటు పొయ్యి మీద అవుతుందా? 24 లీటర్లను 67 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. మామూలు 120 వోల్టుల, 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి గంటల తరబడి తీసుకోగలిగింది 1,440 వాట్లే. వేడి ఎటూ పోకపోయినా 40 నిమిషాలు, నిజంలో గంట పడుతుంది. ఓపిక ఉంటే అవుతుంది. ప్రొపేన్ బర్నరుతో త్వరగా మరుగుతుంది గానీ దాన్ని ఆరుబయటే వెలిగించాలి. గరాజ్‌లో పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

మంచి థర్మామీటరు దగ్గర పిసినారితనం వద్దు. రెండు మూడు డిగ్రీల తేడాకే రుచి మారుతుంది. 64 దగ్గర బీరు పల్చబడుతుంది, 70కి చేరితే చిక్కగా, తియ్యగా మిగులుతుంది. చల్లటి గింజలు పడగానే నీటి వేడి తగ్గుతుంది కాబట్టి, 67 కావాలంటే ఈ సంచి పద్ధతిలో నీళ్లు 70 దాకా కాచి పెట్టుకోండి.

చల్లార్చడానికి రాగి గొట్టం చుట్ట కావాలి. లోపల కుళాయి నీళ్లు పారుతుంటే అరగంటలో వేడి దిగుతుంది. అయితే కుళాయి నీళ్లకంటే చల్లగా అది ఎప్పటికీ చేయలేదు. డాలస్ ఎండాకాలంలో చివర ఐసు తొట్టె తప్పదు.

పులియబెట్టడానికి 24, 25 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ చాలు, పైన నురగకు చోటుంటుంది. గాజు జాడీ వద్దు, నిండుగా ఉన్నది తడిచేతుల్లోంచి జారితే కుట్లు పడతాయి. సాంద్రత కొలిచే హైడ్రోమీటరు మాత్రం కొనండి. మొదట 1.050, చివర 1.010 చూపిస్తే, తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం 5.2. ఇంకా ముఖ్యం, రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు ఒకే అంకె వస్తేనే సీసాల్లో పోయాలి. లేకపోతే లోపల పులియడం సాగి సీసాలు పేలతాయి.

గింజలు ఆడించే మిల్లు ఇప్పుడే వద్దు. దుకాణంలోనే మర పట్టించి తెచ్చుకోండి. కాస్త మెత్తగా పట్టినా ఫర్వాలేదు, సంచి ఉంది కదా.