పెట్టె మీది అంకె, బీరువాలో జాతర

మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, నాలుగు రోజుల్లో ముగుస్తుంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరుకుంటారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. 2024లో ఫిబ్రవరి 21–24 తేదీల్లో, 2026లో జనవరి 28–31 తేదీల్లో జరిగింది. ఆ నాలుగు రోజులూ వీడియోగ్రాఫర్లకు, యూట్యూబ్ చానళ్ల వాళ్లకు ఊపిరి సలపదు. ఎడిటింగ్ అయిపోయాక ఆ ఫైళ్లతో మళ్లీ పనిపడేది చాలావరకు వచ్చే జాతర ముందే. ఎస్‌ఎస్‌డీ ఎలా ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష ఉండదు: నాలుగు రోజుల పరుగు, రెండేళ్ల నిద్ర. పెట్టె మీద పెద్దక్షరాల్లో అచ్చేసే వేగం ఈ రెండింటిలో దేనికీ కొలత కాదని నా వాదన.

లెక్క వేసి చూద్దాం. 4కే వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, రోజుకు నాలుగేసి గంటలు, నాలుగు రోజులు అనుకుంటే 1,440 జీబీ. ఈ సరుకంతా మెమరీ కార్డుల్లోంచే దిగాలి. మామూలు యూహెచ్‌ఎస్‌-1 ప్రమాణం గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ. అవతల 7,000 ఎంబీ మింగగల ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఉన్నా, 550 దగ్గర ఆగే సాటా డ్రైవ్ ఉన్నా కార్డు ఖాళీ అయ్యేది ఒకే సమయానికి. ఎడిటింగ్‌లోనూ అంతే: నాలుగు క్లిప్పులు ఒకేసారి ఆడించినా కావాల్సింది సెకనుకు 50 ఎంబీ. అక్కడ సిస్టమ్ తడబడితే చాలాసార్లు తప్పు ప్రాసెసర్‌దో గ్రాఫిక్స్ కార్డుదో అయ్యుంటుంది. మరి ఎస్‌ఎస్‌డీ వల్ల లాభమే లేదా అంటే, ఉంది, బోలెడంత. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను ఏరుకోవడానికి తిరిగే హార్డ్‌డిస్క్ ఆయాసపడుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ తీసేసి చౌక సాటా ఎస్‌ఎస్‌డీ బిగించినా తేడా ఆన్ చేయగానే తెలుస్తుంది. ఐదు వందల నుంచి ఏడు వేలకు వెళ్తే వచ్చే తేడా మాత్రం చాలామందికి తెలియనే తెలియదు.

డబ్బు పెట్టాల్సింది పైకి కనబడని చోట. ఒక్కో మెమరీ గడిలో మూడు బిట్లు పెడితే టీఎల్‌సీ, నాలుగు పెడితే క్యూఎల్‌సీ. మూడింటికి ఎనిమిది విద్యుత్ మట్టాలను గుర్తుపడితే చాలు; నాలుగింటికి 16 కావాలి. అందుకే క్యూఎల్‌సీ చౌక, రాతలో నిదానం, అరుగుదలా ఎక్కువే. కొన్న కొత్తలో ఇది బయటపడదు. డ్రైవ్ తనలోని కొంత జాగాను వేగంగా రాసే క్యాష్‌గా వాడుకుంటుంది కాబట్టి మొదట జోరుగానే సాగుతుంది. డ్రైవ్ నిండేకొద్దీ ఆ జాగా కుంచించుకుపోయి, కొన్ని క్యూఎల్‌సీ డ్రైవ్‌లు సెకనుకు వంద ఎంబీ దగ్గరికి, అంటే హార్డ్‌డిస్క్ స్థాయికి జారిపోతాయి. శనివారం రాత్రి ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు 1,440 జీబీ కాపీ పెడితే బండారం తెలుస్తుంది: 500 వేగం నిలబడితే 48 నిమిషాలు, వందకు పడిపోతే నాలుగు గంటలు. పైగా 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లకు 600 టీబీ దాకా రాతకు హామీ ఉంటే, చౌక క్యూఎల్‌సీల్లో 220 కూడా కనిపిస్తుంది. ఇంటి లెక్కలకు, పిల్లల చదువుకు ఆ 220 ధారాళంగా సరిపోతుంది, వాళ్లు క్యూఎల్‌సీ కొన్నా నష్టం లేదు. స్టూడియో అయితే మాత్రం 7,000 వేగం గల 1 టీబీ కన్నా నెమ్మదైన 2 టీబీ టీఎల్‌సీ కొనడమే మేలు.

ఇక రెండేళ్ల నిద్ర. ఎస్‌ఎస్‌డీలో డేటా అంటే గడిలో బంధించిన విద్యుదావేశం. కరెంటు లేకుండా పడి ఉంటే అది మెల్లగా కారిపోతుంది, వేడికి ఇంకా త్వరగా. మెమరీ పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్ చెప్పేదాని ప్రకారం, రాత పరిమితి మొత్తం వాడేసిన మామూలు డ్రైవ్ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాదిపాటు డేటా నిలపాలి. ఇక్కడేమో జాతరకూ జాతరకూ మధ్య 40 డిగ్రీలు దాటే వేసవులు రెండు. ‘మా డ్రైవ్ మూడేళ్లు బీరువాలో ఉన్నా ఏమీ కాలేదే’ అనేవాళ్లుంటారు. నిజమే, పెద్దగా అరగని డ్రైవ్ ఇంకా చాలాకాలం ఆగుతుంది. కానీ రోజూ రాసి చెరిపే స్టూడియో డ్రైవ్‌కు ఆ భరోసా ఉండదు. హార్డ్‌డిస్కూ పోతుంది కదా అంటే, పోతుంది, చేయి జారితే అక్కడికక్కడే. అందుకే రెండు హార్డ్‌డిస్కులు, రెండు కాపీలు, వేర్వేరు ఇళ్లలో. క్లౌడ్‌లో పెడదామంటే 50 మెగాబిట్ల అప్‌లోడ్ నిలకడగా దొరికినా 64 గంటలు పడుతుంది, పైగా నెలనెలా అద్దె.

అంకెను నమ్మి పూర్తిగా మునిగేది, ఆన్‌లైన్‌లో కారుచౌకగా అమ్మే ‘16 టీబీ’ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీల దగ్గర. చాలావాటిని విప్పి చూస్తే లోపల ఉండేది చిన్న మెమరీ కార్డు. కంప్యూటర్‌కు తగిలిస్తే 16 టీబీ అనే చూపిస్తుంది. అసలు జాగా నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడతాయి. పేర్లు జాబితాలో ఉంటాయి, తెరిస్తే వీడియో ఆడదు. వాపసు గడువు దాటకముందే ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’ లాంటి ఉచిత ప్రోగ్రాంతో డ్రైవ్‌ను నింపి, తిరిగి చదివించి చూస్తే గుట్టు బయటపడుతుంది.